ఎడమ చెయ్యి పొట్టి స్వెటరు

ఊటీ

రేణుకా,

అక్కను రాస్తున్నాను. నాయిన మోకాళ్లు ఎలా ఉన్నాయి? నువ్వు వేళకు తింటున్నావా, లేక మగ్గం మీదే పొద్దు గడిపేస్తున్నావా? ఎమ్మిగనూరులో ఇంకా వాన లేదన్నావు, ఇక్కడ రోజూ ముసురే. నేను బాగున్నాను, బెంగ పెట్టుకోకండి. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వుతావేమో. ఫోను మోగితే చాలు, నేను పనిచేసే ఇంటి పెద్దమ్మ వచ్చి పక్కనే కూర్చుంటుంది. అందుకే ఇది.

పని కష్టమేమీ కాదు. పెద్దమ్మ మన ఆదోని వైపు మనిషే, పెళ్లయి ఈ కొండల్లోకి వచ్చి ఉండిపోయింది. కళ్లు పూర్తిగా పోయాయి. ఆమె వేళ్లతో తడుముకుంటూ ఊలు అల్లుతుంటే, పక్కన కూర్చుని ఇంగ్లీషు నవలలు చదివి వినిపించడమే నా ఉద్యోగం. అన్నీ ఒకే రకం. ఊలు దుకాణం నడిపే ఒకావిడ, టీ, కేకు, ఒక పిల్లి, మధ్యలో ఒక శవం. పోలీసులకు అంతుపట్టనిది ఆవిడ అల్లిక చూసి కనిపెట్టేస్తుంది. వాటిలో చంపేవాళ్లు కూడా ఎంత మర్యాదగా మాట్లాడతారనుకున్నావు! మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు నాకే అవి లేకపోతే తోచదు. తిండి మాత్రం సహించడం లేదు. చెనిక్కాయల పొడి పంపమని అడుగుదామనుకున్నాను, ఇక అక్కర్లేదు.

నేను వచ్చిన రోజే నా మంచం మీద ఒక స్వెటరు మడతపెట్టి ఉంది. వేసుకుంటే కొలత తీసుకుని అల్లినట్టు సరిపోయింది. నా అదృష్టం అనుకున్నాను. బీరువాలో ఇంకొకటి ఉంది, నాకు ముందు ఇక్కడ పనిచేసిన పిల్లది. ఊరికి వెళ్లిపోయిందట. ఇంత చలిలో స్వెటరు వదిలేసి ఎలా వెళ్లింది? నవలలు చదివి చదివి బుర్ర చెడిపోయిందని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఈ నెలలో పెద్దమ్మ కొత్తది మొదలుపెట్టింది. "ఎవురికి పెద్దమ్మా?" అని అడిగాను.

"వచ్చే పిల్లకు. మీ చెల్లెల్ని పిలిపీ అమ్మీ. ఇద్దరూ ఉంటే నాకు శానా తోడు."

నాకెంత సంతోషమో! వెంటనే నీకు ఫోను చేశాను. "పెట్టె సర్దుకుంటాండా అక్కా, చలికి ఏమేం తెచ్చుకోవాల?" అన్నావు. "ఏమీ వద్దే, స్వెటరు ఈడనే తయారవుతాంది" అని మురిసిపోతూ చెప్పింది నేనే.

మొన్న మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే ఆ అల్లిక ఒళ్లో పెట్టుకుని చూశాను. కుడి చెయ్యి కంటే ఎడమ చెయ్యి పొట్టి. రేణుకా, చిన్నప్పుడు నువ్వు మగ్గం గుంతలో పడి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకున్నావు కదా, అది సరిగ్గా అతకక పొట్టిగానే ఉండిపోయింది కదా. ఆ మాట నేను ఈ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నీ ఫొటో చూపించినా ఆమెకు కనిపించదు.

ఆ చెయ్యంతా విప్పేసి, ఊలు ఉండ చుట్టి బుట్టలో పడేశాను. పెద్దమ్మ లేచి తడిమి చూసుకుంది. అరుస్తుందనుకున్నాను. నవ్వింది.

"మంచి పని చేసినావమ్మీ. నాకూ అనుమానంగానే ఉండె. ఇంకో రెండు వేళ్ల మందం పొట్టి ఉండాల," అని వేళ్లు చూపించి మళ్లీ మొదలుపెట్టింది.

తల్లీ, నువ్వు రావద్దు. పెట్టె విప్పెయ్. నేనే వస్తున్నాను. గుడ్డి మనిషిని ఒంటరిగా వదిలి రావడానికి మనసొప్పడం లేదు, శుక్రవారం ఆమె కొడుకు వస్తాడు, ఇల్లు అప్పజెప్పి బయలుదేరతాను. ముందు పిల్ల స్వెటరు ఎందుకు వదిలేసి పోయిందో ఇప్పుడు తెలిసింది, అది తొడుక్కున్నంత కాలం మనం ఆమె చేతిలో ఉన్నట్టే. నేనూ నాది మంచం మీదే వదిలేస్తాను. చలికి వణికితే వణికాను. ఈ ఉత్తరం పొద్దున వచ్చిపోయే వంటమనిషి చేత పోస్టు చేయిస్తున్నాను.

నాయినకు నా దండాలు. ఆయన దీవెన ఇప్పుడే నాకు కావాలి. భయపడతాడు, ఇదంతా చదివి వినిపించకు, అక్క వస్తోందని మాత్రం చెప్పు.

ఒక్కటి గుర్తుపెట్టుకో. నేను వచ్చేటప్పుడు ఒంటి మీద స్వెటరు ఉండదు. మన ఎండలో స్వెటరు తొడుక్కుని ఎవరైనా బస్సు దిగి ఇంటికొస్తే, ముఖం నాదే అయినా, గొంతు నాదే అయినా, తలుపు తియ్యొద్దు.

నీ అక్క,
పద్మ