ఎర్రావు తిన్న చెక్క

అక్కా,

ఈ రోజు నీ ఏడాది తద్దినం. పాలు పక్కింటి నుంచి తెచ్చారు. నీ ఎర్రావు పోయిన వారం చనిపోయింది.

చింతామణి నూనె మిల్లులో కొన్న, నూనె తీసేశాక మిగిలే చెనక్కాయ చెక్క తిని, రక్త విరేచనాలై పడిపోయింది. మిగిలిన చెక్కను నానబెడితే ఆముదాల పొట్టు తేలింది. పొలానికి ఎరువుగా వేసే ఆముదపు చెక్కను, ఆ విషాన్ని, మేతలో కలిపి అమ్మారు! ఊళ్ళో అందరూ కర్మ అన్నారు. కర్మ మిల్లు నడుపుతుందా?

నిన్న సంతలో చెక్క మూటలు అమ్ముతున్న మిల్లు యజమానిని నిలదీశాను.

"ముసలావు గదప్పా, కాలమొచ్చి పోయుండాది," అన్నాడు.

రెండో ఈత ఆవు వాడికి ముసలిదైంది!

గానుగవాళ్ళు చెక్క అమ్మేముందు ఒక ముక్క తాము నమిలి చూపడం మన సంతలో మర్యాద. అతని మూటలోంచే ఒక ముక్క విరిచి చేతికిచ్చాను.

"నేనేమన్నా పశువునాప్పా?" అన్నాడు. చుట్టూ నవ్వారు.

పక్కన మూట ఎత్తుకోబోతున్న ముసలామె మాత్రం నవ్వలేదు. "దానికి నోరు లేదు గాబట్టి తిన్యాది. నీకు నోరుండాది గదా, నమిలి చెప్పప్పా," అంది.

అతను నమలలేదు. ఆమె మూటను అక్కడే వదిలేసి వెళ్ళింది. ఆమె వెనక మరికొందరు వదిలేశారు.

ఇది చాలదక్కా. పశువు ఫిర్యాదు చేయదు కనుక దాని మేతకు ఎవరూ జవాబు చెప్పనక్కరలేదన్నది మన వ్యాపార నీతి. రేపు తాలూకా అమల్దారు కచేరికి ఫిర్యాదు ఇవ్వడానికి పోతున్నాను. ఆవు కోసమా అని గుమాస్తాలు నవ్వితే నవ్వనీ.

ఎర్రావు దూడ బాగానే ఉంది. దానికి గడ్డి కూడా విదిలించి, వాసన చూసి వేస్తున్నాను.