జెరార్దో కాఫీ యంత్రం

కాస్తెల్లమ్మారె,
1979, ఫిబ్రవరి.

మిలాన్‌లో కాఫీ యంత్రాలు బాగుచేసే బ్రంబాతి గారికి నమస్కారాలు.

నా పేరు అస్సుంతా సవరేసె. ఇక్కడ ఓడల కర్మాగారం గేటుకి ఎదురుగా ఉన్న కాఫీ కొట్టు మాది. నా భర్త జెరార్దో పెట్టారు. ఆయన పోయిన చలికాలంలో కాలం చేశారు. ఇప్పుడు నేనూ మా మరిది నికోలా నడుపుతున్నాం.

మాది రెండు మీటల పాతకాలపు యంత్రం. మీట కిందికి లాగి వదిలితే, లోపలి స్ప్రింగు వేడినీళ్ళని కాఫీపొడిలోకి నొక్కుతూ మీటని మెల్లగా పైకి తీసుకుపోతుంది. మొన్న నికోలా లాగుతుంటే లోపల ఫట్‌మంది. స్ప్రింగు విరిగింది. చెయ్యి కూడా విరిగింది. కుడిది. ఈ యంత్రం చేసిన కంపెనీ ఇప్పుడు లేదట. స్ప్రింగు మీ దగ్గర దొరుకుతుందని చెప్పారు. దయచేసి పంపండి.

ఇట్లు,
అస్సుంతా సవరేసె

తా.క. కొత్త యంత్రం కొనుక్కోమని మాత్రం రాయకండి. ఆ మాట అన్నవాళ్ళతో మాట్లాడటం మానేశాను. ప్రస్తుతం నికోలాతో కూడా మాటల్లేవు.

●

మిలాన్,
ఫిబ్రవరి.

గౌరవనీయులైన శ్రీమతి సవరేసె గారికి,

మీ భర్త పోయినందుకు విచారిస్తున్నాను. స్ప్రింగు దొరుకుతుంది. విరిగిన ముక్కలు పంపితే కొలిచి సరైనది ఇస్తాను.

చెయ్యి సంగతి. దాన్ని అక్కడ అతికించే ప్రయత్నం చేయవద్దు. అతికించిన చెయ్యి మళ్ళీ అక్కడే విరుగుతుంది. మొదలు దగ్గరున్న మర విప్పి, చేతిని పూర్తిగా ఊడదీసి, జిడ్డు తుడిచి, చెక్కపెట్టెలో పెట్టి రైలు పార్సిల్‌లో పంపండి. ఎడమది కూడా ఈపాటికి వదులై ఉంటుంది. పనిలో పనిగా రెండూ పంపితే మంచిది.

భవదీయుడు,
ఒత్తోరినో బ్రంబాతి

తా.క. పాతదాని మీద మమకారం ఉంటే తిప్పి పంపుతాను. చాలామంది మెరుగు పెట్టించి గోడకు తగిలించుకుంటారు.

●

కాస్తెల్లమ్మారె,
ఫిబ్రవరి.

బ్రంబాతి గారికి,

మీ ఉత్తరం నికోలాకి చదివి వినిపించాను. అతను లేచి గదిలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకున్నాడు.

అయ్యా, విరిగింది మా మరిది చెయ్యి. మీట ఎగిరి వచ్చి తగిలింది. డాక్టరు కట్టు కట్టాడు. యంత్రం మీటలు రెండూ రాయిలా ఉన్నాయి. మీ ఊళ్ళో మనుషుల చేతులు గోడలకి తగిలించుకుంటారేమో నాకు తెలియదు. మేం ఫొటోలు తగిలించుకుంటాం.

మీకు నవ్వులాటగా ఉందేమో గానీ నాకు కాదు. ఓడలు కట్టే ఈ మనుషులంతా జెరార్దో స్నేహితులు. ఆయన పోయాక కూడా యంత్రం అదే కాఫీ ఇచ్చేది. నల్లగా, చిక్కగా, గొంతులో గీసుకుంటూ దిగేది. దానికి వాళ్ళు పెట్టిన పేరు తారు. కళ్ళు మూసుకుని తాగితే జెరార్దో చేతి కాఫీయేనమ్మా అనేవారు. ఇప్పుడు వాళ్ళంతా స్టేషను పక్కన ఫెలీచె కొట్టుకి పోతున్నారు. నేను ఖాళీ బల్ల తుడుస్తూ కూర్చుంటున్నాను. త్వరగా పంపండి.

ఇట్లు,
అస్సుంతా

తా.క. విరిగిన స్ప్రింగు పార్సిల్లో వస్తోంది. నికోలా రావడం లేదు.

రెండో తా.క. ఒత్తిడి మీటరు ముల్లు మొదటినుంచీ ఎర్రగీత మీదే ఉంటుంది. అది తప్పేమోనని బియాజో మామ అడగమన్నాడు. కర్మాగారంలో అందరికంటే పెద్ద మేస్త్రీ ఆయన.

●

మిలాన్,
మార్చి.

గౌరవనీయులైన అస్సుంతా గారికి,

క్షమించండి. మా షాపులో మీటని చెయ్యి అంటాం. నికోలా గారికి ప్రత్యేకంగా నా క్షమాపణలు చెప్పండి. ఆయన గొళ్ళెం తీశారని ఆశిస్తాను.

స్ప్రింగుతో పాటు రబ్బరు వాషర్లు, జల్లెడ బిళ్ళలు కూడా పెట్టాను. పాతవి గట్టిపడి బీటలు వేసి ఉంటాయి. బిగించే పద్ధతి బొమ్మలు గీసి పంపుతున్నాను. బాయిలరు విప్పి లోపలి సున్నం పెచ్చులు గీకించండి. ముల్లు ఎర్రగీత మీద ఉండటం తప్పే. నీళ్ళు మరీ కాగితే కాఫీ మాడిపోతుంది. కింద ఎడమవైపు ఒక చిన్న మర ఉంటుంది. దాన్ని కొద్దిగా వదులు చేస్తే ముల్లు పచ్చగీతకి దిగుతుంది.

భవదీయుడు,
ఒత్తోరినో బ్రంబాతి

తా.క. స్ప్రింగు బిగించేటప్పుడు ఎదురుగా ఎవరి ముఖమూ ఉండకూడదు. ఈసారి ముఖం అంటే మనిషి ముఖమే.

●

కాస్తెల్లమ్మారె,
మార్చి.

బ్రంబాతి గారికి,

ఈ ఉత్తరం రాయడానికి చెయ్యి రావడం లేదు. అంటే మనసు రావడం లేదు. మీకు అన్నీ విడమరిచి చెప్పాలి కదా.

ఆదివారం బియాజో మామా, ఆయన మనుషులూ పనిముట్లతో దిగారు. "ఓడలకి బాయిలర్లు బిగించేవాళ్ళం, ఇదెంతమ్మా!" అన్నారు. యంత్రాన్ని ముక్కముక్కలుగా విప్పి, తోమి, మీ బొమ్మల ప్రకారం మళ్ళీ బిగించి, ఆ చిన్న మర తిప్పి ముల్లుని పచ్చగీతకి దించారు. నేను ఒక్కొక్కరికీ కాఫీ పోశాను. పైన తేనెరంగు నురుగు, కమ్మటి వాసన. అంత చక్కటి కాఫీ మా కొట్టులో ఎప్పుడూ పుట్టలేదు.

అందరూ తాగారు. బియాజో మామ కప్పు దించి, నోరు తుడుచుకుని, "అస్సుంతా, జెరార్దో ఇవాళ నిజంగా పోయాడమ్మా" అన్నాడు. పనిముట్లు ఏరుకుని ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

నాకు మంచి కాఫీ వద్దు. మా కాఫీ మాకు ఇచ్చేయండి. ఆ పాత స్ప్రింగు పారేయకుండా ఉంటే, దాన్నే అతికించి పంపండి.

ఇట్లు,
అస్సుంతా

తా.క. నికోలా ఒక్కడే బాగుందన్నాడు. అతనితో మళ్ళీ మాటల్లేవు.

●

మిలాన్,
మార్చి.

అస్సుంతా గారికి,

కాఫీ బాగాలేదని తిట్టినవాళ్ళు చాలామంది ఉన్నారు. బాగుందని ఏడ్చినవారు మీరే మొదటివారు. మీ ఉత్తరం జేబులో పెట్టుకుని పనిలోంచి పెందలాడే ఇంటికి వెళ్ళిపోయాను.

పాత స్ప్రింగు అక్కర్లేదు. అతికించినా నిలవదు. మాడు రుచి స్ప్రింగుది కాదు, వేడిది. ఆ ఎడమవైపు మర మళ్ళీ బిగిస్తే ముల్లు ఎర్రగీతకి చేరుతుంది, మీ తారు మీకు వస్తుంది. ఇలాంటి సలహా నా చేత్తో రాయాల్సి వస్తుందనుకోలేదు. కానీ యంత్రం మీది, జెరార్దో గారు మీ మనిషి.

భవదీయుడు,
ఒత్తోరినో

తా.క. నా భార్య గోడగడియారం ఎప్పుడూ ముందు నడిచేది. ఆమె అలాగే ఉంచమనేది. ఆమె పోయాక నేను సరిచేశాను. ఇప్పుడది ఊళ్ళో అందరి గడియారాల్లాగే నడుస్తోంది.

●

కాస్తెల్లమ్మారె,
ఏప్రిల్.

ఒత్తోరినో గారికి,

మీ ఉత్తరం అందిన పొద్దున్నే స్క్రూడ్రైవరు పట్టుకుని యంత్రం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. అప్పుడే తలుపు చప్పుడైంది. చూస్తే స్టేషను దగ్గరి ఫెలీచె. ఏనాడూ మా గడప తొక్కని మనిషి. టోపీ తీసి, "ఒక కాఫీ ఇవ్వమ్మా" అన్నాడు. ముందు ఇతన్ని పంపేద్దామని ఇచ్చాను. తాగి, కప్పులోకి చూస్తూ అన్నాడు:

"అయితే ఇన్నాళ్ళకి ఆ మర తిప్పావన్నమాట."

"మర సంగతి నీకెలా తెలుసు?"

"తిప్పుకోమని జెరార్దోకి ఎన్నిసార్లు చెప్పానో! రోజూ పొద్దున రొట్టెలకి మా వైపు వచ్చేవాడు కదా. మా కొట్లో ఒక కాఫీ తాగి వెళ్ళేవాడు."

"మా ఆయనా? నీ కొట్లోనా?"

"'నోట్లో కాస్త మంచి రుచి పడాలయ్యా, ఇంటికెళ్ళి మా ఆవిడతో ఆ కషాయం తాగాలి' అనేవాడు. మరి బాగుచేసుకోవచ్చు కదా అంటే, 'వద్దు ఫెలీచె, మొదటిరోజు తాగి ఎంత బాగుందో అంది. అస్సుంతాకి అలాగే ఇష్టం' అనేవాడు."

ఆ మొదటిరోజు నాకు బాగా గుర్తుంది ఒత్తోరినో గారూ. యంత్రాన్ని పెట్టెలోంచి దింపి, చొక్కా నిండా మసి చేసుకుని తనే బిగించారు. మొదటి కప్పు నా చేతికిచ్చి, నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డారు. అలా చూస్తుంటే ఏమంటాం? బాగుందన్నాను. నోరంతా చేదు. ఆ తర్వాత ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయనకిష్టమని నేనూ, నాకిష్టమని ఆయనా, బతికినన్నాళ్ళూ ఎదురెదురుగా నిలబడి ఆ మాడు నీళ్ళు తాగాం.

ఫెలీచె వెళ్ళాక తలుపు వేసుకుని నవ్వాను. నవ్వు ఎప్పుడు ఏడుపయిందో తెలియలేదు. తర్వాత ముఖం కడుక్కుని, స్క్రూడ్రైవరు సొరుగులో పడేసి, కొట్టు తెరిచాను.

బియాజో మామ వస్తే జరిగినదంతా చెప్పాను. చాలాసేపు గోడ మీది జెరార్దో ఫొటో వైపు చూశాడు. "అంటే వాడు తాగలేనిది మా అందరికీ పోశాడా?" అన్నాడు. "పోశాడు మామా" అన్నాను. "దొంగ వెధవ! ఇంకో కప్పు ఇవ్వమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు.

ఇట్లు,
అస్సుంతా

తా.క. నికోలాతో మాట్లాడుతున్నాను. వంట నేనెలా చేస్తానని అడిగాను. ఆలోచించి చెబుతానన్నాడు.

రెండో తా.క. ఇటువైపు రైలెక్కితే మా కొట్టుకి రండి. కాఫీ బాగాలేకపోతే బాగాలేదని నా ముఖం మీదే చెప్పండి. ఆ మాట ఎలా ఉంటుందో ఒకసారి వినాలని ఉంది.