ముదురు నీలం ముక్క

చిట్టితల్లీ,

నీ పెళ్లికి రంగులు అమ్మమ్మే ఎంచాలని నువ్వు పంపిన అయిదు గజం గుడ్డముక్కలూ అందాయి. మీగడ రంగు ఖాయమని ఆవిడ నీకు ఫోన్లో చెప్పేసిందట. నలభై ఏళ్లు గోడలకు రంగులేసినవాణ్ణి, నన్నొక్క మాట అడగలేదు. ఒకసారి ఓ వకీలుగారింటికి వాళ్లావిడ కోరిన గులాబీ రంగు వేస్తే, ఆయన సాయంత్రం సొంతిల్లు పోల్చుకోలేక పక్కింటి తలుపు కొట్టాడు. సరే, ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఆవిడ ఎంచింది చూసి కాదు, తడిమి. మెత్తగా ఉన్నదాన్ని పట్టుకుంది; మెత్తటిది మీగడ రంగని నువ్వే ఫోన్లో అన్నావట. అనుమానం వచ్చి ఉత్త చెయ్యి చాపి, "ఇదెలా ఉందే?" అన్నాను.

"ఇదీ బాగానే ఉందండీ."

నవ్వబోయి ఆగిపోయాను. చూపు ఇంత తగ్గితే నాకైనా చెప్పవేమని అడిగాను.

"పెళ్లి కానివ్వండి. ఇప్పుడే తెలిస్తే పిల్ల సంబరమంతా ఆసుపత్రుల పాలవుతుంది" అంది.

మర్నాడు పొద్దున ముక్కల్ని ఒక్కొక్కటే తెల్లగోడకు తగిలించి, ఆవిణ్ణి పదడుగుల దూరంలో నిలబెట్టాను. నాలుగు ముక్కలకు ఉలుకూ పలుకూ లేదు. ముదురు నీలానికి మాత్రం, "అక్కడెవరో నిలబడ్డారేం?" అంది.

అందుకని, తల్లీ, హాలంతా మీగడ రంగే పెట్టించు. ఆవిడ మాట పోకూడదు. నువ్వొక్కదానివే ముదురు నీలం కట్టుకో. పెళ్లికూతురికి ఇదేం రంగని ఎవరైనా సణిగితే, తాతకు మతి చలించిందని నా మీదికి తోసెయ్యి.

నేను రాశానని ఆవిడకు తెలియనివ్వకు. ఆ రోజు పక్కనే కూచుంటాను గానీ, నిన్ను వేలెత్తి చూపించను. "అదుగో, వచ్చింది" అని ఆవిడే నాకు చెప్పాలి.

మీ తాతయ్య