వర్నన్ ఊరు వదిలిన తేదీ

జునీటా తల్లీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకు.

పోయిన మీ అన్న వర్నన్ పన్ను కాగితం ఒహాయో రాష్ట్రానికి పంపేశాం కదా, మళ్ళీ మన ఊరి పన్నుల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వెళ్ళాను.

"రాష్ట్రం లెక్క వేరమ్మా. పని చేసిన పక్క ఊరు జీతంలో తన పన్ను కోసుకున్నా, కాపురం ఇక్కడే కాబట్టి మాకూ విడిగా కాగితం ఇవ్వాలి. మీవాడు ఊరు వదిలిన తేదీ చెప్పండి" అంది అక్కడి అమ్మాయి.

"వదిలి ఎక్కడికి పోయాడే తల్లీ? మన చర్చి వెనకే పడుకున్నాడు" అన్నాను.

ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. పోయిన తేదీ వేరే చోట రాసుకుని, ఊరు వదిలిన తేదీ గడి ఖాళీగానే ఉంచింది.

వాడి జీతం కాగితం నీ దగ్గరుంది, పంపు. వాడి కోటు నువ్వే తొడుక్కో. పాప దగ్గు తగ్గిందా?

దేవుడు మీ ఇద్దరినీ చల్లగా చూడాలి. మీ అన్న ఇంకా ఈ ఊరివాడే.

మీ అమ్మ ఓర్లీన్