రెండు ఎం.ఎల్.

మార్చి 9
ప్రెగ్నెన్సీ రిపోర్ట్ నెగెటివ్. ఫ్రీజ్ చేసిన రెండు పిండాల్లో ఒకటి పోయింది. ఇక మిగిలింది ఒక్కటే. నాకు నలభై మూడు.

వదిన ఓదార్చింది. రాసిపెట్టి ఉండాలంది. ఆవిడ మా ఆయన అక్క, రిటైర్డ్ నర్సు, పక్క వీధిలోనే ఉంటుంది. మా ఆయన సూది చూస్తేనే కళ్ళు తిరిగి పడతాడు. అందుకే గర్భం నిలవడానికిచ్చే ప్రొజెస్టెరాన్ హార్మోన్ ఇంజక్షన్లు పదిహేను రోజులూ ఆవిడే వేసింది.

మార్చి 11
వాడేసిన ఆంప్యూల్స్ (మందు ఉండే చిన్న గాజు గొట్టాలు) క్లినిక్‌లో తిరిగి ఇవ్వాలని వదిన చేతే ఒక సీసాలో వేయిస్తూ వచ్చాను. లెక్కపెట్టాను, పదిహేనూ ఉన్నాయి. కానీ సీసా అడుగున నూనె చేరింది. ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది రెండు ఎం.ఎల్. నూనె మందు, అదంతా ఒంట్లోకి వెళ్ళాలి. వడగట్టి దగ్గు మందు మూతతో కొలిచాను. పద్నాలుగు ఎం.ఎల్. పైనే. మళ్ళీ కొలిచాను.

సగం మందే ఎక్కించింది.

మార్చి 12, ఉదయం 10
వదిన ఇంటికి వెళ్ళి అడిగాను. బుకాయించలేదు. కూరగాయలు తరుగుతూనే చెప్పింది.

“ఈ వయసులో నీ ఒంటికి అంత హార్మోన్ ఏమిటే? రేపు నీకేదైనా అయితే నా తమ్ముడు ఏమైపోతాడు? అందుకే సగంతో ఆపాను.”

ముప్పై ఏళ్ళ సర్వీసులో డాక్టరు రాసిన డోసు ఎవరికైనా సగం చేశారా అని అడిగాను.

“వాళ్ళు పేషెంట్లు. నువ్వు ఇంటి మనిషివి.”

క్లినిక్‌కు ఫోన్ చేస్తే, పిండం నిలవకపోవడానికి అదే కారణమని చెప్పలేమంది డాక్టరమ్మ. నేను చెప్పగలను.

మా ఆయనకు చెప్పలేదు. చెబితే అక్కాతమ్ముళ్ళిద్దరూ కాసేపు ఏడ్చుకుని సాయంత్రానికి ఒకటైపోతారు. నాకది చాలదు.

ఏప్రిల్ 14
మిగిలిన పిండం కోసం ఎస్ట్రాడయోల్ మాత్రలు మొదలు. రోజుకు మూడు. తలనొప్పి.

ఏప్రిల్ 28
ఇంజక్షన్లు మొదలు. వేరే నర్సును పెట్టుకోమని వదిన బతిమాలింది. మీ చేతులే కావాలన్నాను. రోజూ సాయంత్రం ఏడింటికి రావాలి. ఆంప్యూల్ పైకెత్తి డోసు చదవాలి. సిరంజిలోకి లాగింది నాకు చూపించాలి. వేశాక నా పుస్తకంలో తేదీ, టైము, రెండు ఎం.ఎల్. అని రాసి సంతకం చేయాలి. నన్ను దొంగను చేస్తున్నావే అంది. పెన్ను అందించాను.

మే 3
ఆఖరి పిండం లోపల పెట్టారు. స్క్రీన్ మీద నూకంత తెల్లటి చుక్క.

మే 9
తుంటికి రెండు వైపులా గడ్డలు కట్టాయి. కూర్చోలేను. వదిన వేడినీళ్ళతో కాపడం పెడుతోంది. పెట్టనీ. అక్క వారం నుంచి సరిగ్గా తినడం లేదని మా ఆయన దిగులు పడుతున్నాడు. నేను బాగానే తింటున్నాను.

మే 13, మధ్యాహ్నం 12
నెగెటివ్. మందులన్నీ ఆపేయమన్నారు. మా ఆయన క్యాంపు నుంచి వచ్చేది ఎల్లుండి.

మే 13, సాయంత్రం 7.20
వదిన వచ్చింది. ఆంప్యూల్ ఎత్తి చదివింది. రెండు ఎం.ఎల్. వేయించుకున్నాను. సంతకం పెట్టింది. నిలిచిందా అని మెల్లిగా అడిగింది.

నిలిచిందన్నాను.

గోడకు చేరబడి ఏడ్చింది. రేపు కూడా ఏడింటికే రమ్మన్నాను.