మాటల్లేని నడక

కాట్పాడి, మంగళవారం రాత్రి

అధికారాన్ని చూసి నవ్వితే అది చిన్నదవుతుందని ఎన్ని వ్యాసాల్లో వాదించానో. పోయిన వారం ఆన్‌లైన్ క్లాసులో నాటకం పిల్లలకు పాత మూకీ హాస్యచిత్రం చూపించి అదే చెప్పాను. పోలీసును వెక్కిరించడానికి మాట అక్కర్లేదు, నడక చాలు. మీ వీధిలో అందరూ భయపడే మనిషి నడక చేసి చూపండి. పేరెత్తకపోతే ఎవరేం చేయగలరు?

గుడియాత్తం నుంచి రేవతి వాళ్ల బజారు పెద్దమనిషి నడక చేసింది. పంచె కొస పట్టుకుని, పొట్ట ముందు, మనిషి వెనక. పడిపడి నవ్వాం. వాళ్ల నాన్న మురిసిపోయి దాన్ని ఫోన్‌లో తీసి వర్తకుల గ్రూపులో పెట్టాడు. కూతురి నటన కదా.

ఈ సాయంత్రం రేవతి ఫోన్ చేసింది.

"ఆయన మా అంగడికొచ్చినాడు సార్. ఒక్క మాటా మాట్లాడలే. పంచె కొస పట్టుకొని ఈ పక్కనుంచి ఆ పక్కకు నడిచినాడు, నేను చేసినట్టే. నవ్వి ఎల్లిపోయినాడు."

"మీ నాయన ఏమన్నాడమ్మా?"

"షట్టరు దించేసినాడు."

పోలీసులకు చెబుదామన్నాను.

"ఏమని చెప్పేది సార్? నడిచినాడనా?"

నా వాదనే, ఆయన చేతిలో. నాకేం, ఇక్కడ తలుపేసుకుని ఎంతైనా రాస్తాను. వాళ్ల ఇల్లు ఆ అంగడి మీదే.

ఇప్పుడే వాయిస్ మెసేజ్ పెట్టింది, గొంతు బాగా తగ్గించి.

"కింద అంగడి ముందర ఇద్దరు నిలబడి ఉండారు సార్. ఏం మాట్లాడటం లే."