తాగనివాడి తూలుడు

22 జులై 1995, శనివారం

కాకినాడ వెళ్ళొచ్చాను. డాక్టరు జబ్బు పేరు చెప్పాడు. మయస్తీనియా. నరం పంపిన కబురు కండకి సరిగ్గా అందదట. రెప్పలు వాలడం, నాలుక మందమవడం, సాయంత్రానికి చేతులు పడిపోవడం, అన్నీ దానివే. కళ్ళు తిరగడం మాత్రల వల్ల కూడా ఉంటుందట. గబుక్కున లేవొద్దన్నాడు, ఖాళీ కడుపున మాత్ర వేసుకోవద్దన్నాడు. అన్నిటికీ తలూపాను. జిల్లా వెయిట్ లిఫ్టింగ్‌లో ఫస్టొచ్చినవాణ్ణి, హైస్కూల్లో డ్రిల్ మాష్టర్ని, చంటిపిల్లాడిలా తలూపాను.

యానాంలో గోదావరి దాటే పంటు ఎక్కాను. ఎదుర్లంక రేవులో దిగబోతే నేల రెండుగా కనిపించింది. తల తేలిపోయి బురదలో మోకాళ్ళ మీద పడ్డాను. మా లెక్కల మాష్టారు సోమేశ్వరరావు అక్కడే ఉన్నాడు, చంకలో చెయ్యేసి లేపాడు. మనవైపు మద్యనిషేధం. యానాంలో లేదు. అక్కణ్ణించి తూలుతూ దిగినవాణ్ణి చూసి ఎవరైనా ఏమనుకుంటారు? ఎన్ని పెగ్గులేసేరండీ అని చెవిలో అడిగాడు.

రెండు అన్నాను. నోరు దానంతటదే అంది. అన్నాక ప్రాణం హాయిగా ఉంది. సిగ్గులేని నోరు.

24 జులై

స్టాఫ్ రూమ్ అంతటికీ తెలిసిపోయింది. సోమేశ్వరరావు కొబ్బరిబొండం కొట్టించి పంపాడు, హ్యాంగోవర్‌కి మంచిదట. నిజంగానే తల కుదుటపడింది. ఇకనించి రోజూ ఒకటి తాగొచ్చు. ఎందుకని ఎవరూ అడగరు.

27 జులై

మా ఆవిడ స్టెల్లా చెవిన పడింది. వాళ్ళ నాన్న సాలమోను తాగి తాగి పోయాడు. పెళ్ళికి ముందు తను నన్నడిగింది ఒక్కటే, తాగుతారా అని. ఇవాళ అరుస్తుందనుకున్నాను. అరవలేదు. మా నాన్న కూడా మొదట్లో రెండే అనేవోరండి అంది. అంతే.

చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పొద్దున్నే మంచం అంచున కూర్చుని, గోడ పట్టుకుని, తల నిలబడ్డాకే లేస్తున్నాను. దువ్వుకోవడానికి చెయ్యి పైకి రావట్లేదు, తలే వంచి దువ్వెన దగ్గరికి తీసుకెళ్తున్నాను. తాగుబోతునైనా మగాడే అంటారు. దువ్వెన ఎత్తలేనివాణ్ణి ఏమంటారు?

ఛీ. కట్టుకున్నదాన్ని ఏడిపించి దాచుకుంటున్నాను నా మగతనం.

5 ఆగస్టు

డ్రిల్ పీరియడ్ కుర్చీలో కూర్చునే చేయించాను. మాత్ర పనిచేస్తున్నంతసేపే ఈల. పిల్లలు ముక్కు మూసుకుని నవ్వుకుంటున్నారు.

15 ఆగస్టు

జెండా ఎగిరింది. సెల్యూట్ చేసిన చెయ్యి జారిపోతుంటే ఎడమ చేత్తో మోచెయ్యి ఎత్తిపట్టాను. ఎండ. చెవుల్లో హోరు. ఆ తర్వాత నోట్లో మట్టి.

పిల్లలు ముందు నవ్వారు, తర్వాత మానేశారు. జనంలోంచి స్టెల్లా గొడుగు పారేసి వచ్చింది. నా చొక్కా దులిపింది. హెడ్మాస్టరుగారి కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఉద్యోగం తీయించకండి, నేను మాన్పిస్తానండి, ఆయ్, తప్పకుండా మాన్పిస్తానండి అంది. ఊరందరి ముందూ. నేను స్పృహ లేనట్టు కళ్ళు మూసుకుని పడుకున్నాను.

స్పృహ ఉంది.

18 ఆగస్టు

స్టెల్లా మూడు రోజులుగా ఉపవాస ప్రార్థనలో ఉంది. నా తాగుడు పోవాలని.

20 ఆగస్టు, ఆదివారం

పాస్టరు కృపారావుగారు నన్ను ముందుకు పిలిచారు. ఇక ముట్టనని సంఘం ముందు ఒప్పుకోవాలట. గబుక్కున లేచాను, అదీ తప్పే. కళ్ళు చీకట్లు కమ్మాయి. బల్ల పట్టుకుని నిలబడ్డాను. ఆడవాళ్ళ వైపు స్టెల్లా. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. మొహంలో ఎంత ఆశో.

ఆ మొహం చూసి అబద్ధం ఆడలేకపోయాను. నేను తాగనండి, ఎప్పుడూ తాగలేదండి, నాకు జబ్బండి అన్నాను. నేను వేసుకునేది మందేనండి, ఆ మందు కాదు అన్నాను. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నాలుక తిరగట్లేదు, కుడి రెప్ప వాలిపోయింది. కృపారావుగారు జాలిగా భుజం తట్టి, అందరూ మొదట అలాగే అంటారు బాబూ అన్నారు. ప్రార్థన ఎత్తుకున్నారు. నన్ను పట్టిన తాగుడు దయ్యం వదిలిపోవాలని అందరూ గట్టిగా ప్రార్థించారు. నేనూ ఆమెన్ అన్నాను.

ఇంటికొచ్చాక స్టెల్లాకి అంతా చెప్పాను, రేవు దగ్గర్నించి. మాత్రలు చూపించాను. నమ్మింది. ఎప్పటికి తగ్గుతుందండి అంది. తగ్గదన్నాను.

21 ఆగస్టు

పొద్దున్న స్టెల్లా అన్నం తింది. తాగుడే అయితే బాగుణ్ణండి, మాన్పించుకునేదాన్ని అంది. ఏడవలేదు. ఇంకాస్త పప్పు వేసుకుంది.